చుక్కలు పెద్దవైతే?

ఒక భూతద్దం సంపాదించండి. మీ పాఠశాల ప్రయోగశాలలో ఉండే మామూలు భూతద్దం చాలు. ఇవాళ్టి దినపత్రికలో ఏదైనా ఒక రంగుల బొమ్మ మీద దాన్ని ఉంచి, కాస్త పైకీ కిందికీ జరుపుతూ చూడండి. ఏం కనిపిస్తోంది? క్రికెట్ ఆటగాడి ముఖమూ, చొక్కా మాయమై, వాటి స్థానంలో చుక్కలే చుక్కలు! ముదురు గులాబి, పసుపు, లేతనీలం, నలుపు. ఈ నాలుగు రంగులే. పచ్చగడ్డి ఉన్నచోట చూడండి. అక్కడ ఆకుపచ్చ సిరా అనేది లేనే లేదు. పసుపు చుక్కలూ, నీలం చుక్కలూ పక్కపక్కనా, కొన్నిచోట్ల ఒకదానిమీద ఒకటీ పడి ఉన్నాయి, అంతే. గడ్డిని పచ్చగా చేసింది మీ కన్ను.

చాలా పత్రికల్లో పుట అడుగున, అంచు దగ్గర, ఈ నాలుగు రంగుల్లో నాలుగు చిన్న గుర్తులు కూడా వరసగా ఉంటాయి. అవి అలంకారం కోసం వేసినవి కావు. నాలుగు సిరాలూ తమతమ చోట్ల సరిగ్గా పడుతున్నాయో లేదో ముద్రణాలయంలో పనిచేసేవారు చూసుకునే గుర్తులవి.

అచ్చుపనివాళ్లకు ఈ చుక్కలు ఒక రహస్యం లాంటివి. పాఠకుడు బొమ్మను చూడాలి గాని చుక్కల్ని చూడకూడదు. చుక్కలు కంటికి తగిలాయంటే అచ్చు నాసిరకమని అర్థం. అందుకే నూరేళ్లకు పైగా వాటిని ఇంకా చిన్నవి చేయడానికీ, ఇంకా బాగా దాచడానికీ ఎందరో శ్రమపడ్డారు. అలాంటిది, 1960ల మొదట్లో అమెరికాలో ఒక చిత్రకారుడు సరిగ్గా దీనికి తలకిందులుగా చేశాడు. చౌక బొమ్మల పుస్తకంలోని చుక్కల్ని పెద్దవి చేసి, గోడంత కాన్వాసు మీద, అందరికీ కనబడేట్టు వేశాడు. ఆయన పేరు రాయ్ లిక్టెన్‌స్టయిన్. ఆయన వేసిన ఒక చిత్రాన్ని ఈ నెల మనం కాస్త దగ్గరగా పరిశీలిద్దాం. చిత్రలేఖనం మన పత్రికకు సంబంధించిన విషయమేనా అని కొందరికి సందేహం కలగవచ్చు. చదివి చూడండి. అందులో భౌతికశాస్త్రం ఉంది, జీవశాస్త్రం ఉంది, కొంచెం లెక్క కూడా ఉంది. చివరికి తేలని తగాదా కూడా ఒకటి ఉంది.

ఆ చిత్రం పేరు 'వామ్!'. 1963లో వేశాడు. ఇది లండన్‌లోని టేట్ సంస్థవారి సేకరణలో ఉంది. ఎత్తు సుమారు 1.7 మీటర్లు, వెడల్పు సుమారు 4 మీటర్లు. మీ తరగతి గదిలోని నల్లబల్ల కంటే పెద్దదే అయి ఉంటుంది. రెండు కాన్వాసులను పక్కపక్కన చేర్చి తయారుచేసిన చిత్రం ఇది. ఎడమ కాన్వాసు మీద ఒక అమెరికన్ యుద్ధవిమానం. అది వదిలిన రాకెట్టు దూసుకుపోతూ, పక్క కాన్వాసులోకి వెళ్లి శత్రువిమానాన్ని తాకుతుంది. కుడి కాన్వాసు నిండా ఎర్రగా, పసుపుగా, తెల్లగా పేలుడు. ఆ పేలుడు పైన పెద్ద పసుపు అక్షరాలతో ఆ చప్పుడు రాసి ఉంటుంది. దానినే చిత్రానికి పేరుగా పెట్టారు. మనం తెలుగులో 'ఢాం' అంటామే, అలాంటి మాట. ఎడమవైపు పైన పసుపు పెట్టెలో ఒక వాక్యం కూడా ఉంది. అది విమానం నడిపేవాడు తాను చేసిన పనిని తానే చెప్పుకుంటున్న మాట. గీతలు లావుగా, నల్లగా, ఎక్కడా తడబాటు లేకుండా ఉంటాయి. దగ్గరకు వెళ్లి చూస్తే ఆకాశమంతా చుక్కలు. నక్షత్రాలనుకునేరు, కావు! అచ్చు చుక్కలు.

ఈ బొమ్మ ఆయన ఊహించి గీసింది కాదు. 1962 జనవరి–ఫిబ్రవరి నెలల్లో అమెరికాలో వెలువడిన ఒక యుద్ధకథల కామిక్ పుస్తకంలోని ఒక గడి దీనికి ఆధారం. ఆ పుస్తకం పేరు 'ఆల్ అమెరికన్ మెన్ ఆఫ్ వార్', 89వ సంచిక. ప్రచురించింది డీసీ కామిక్స్ సంస్థ. ఆ గడిని గీసినవాడు ఇర్వ్ నోవిక్ అనే చిత్రకారుడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ మనకు దీంతో పని ఉంది.

ముందు చుక్కల సంగతి తేలుద్దాం.

పూర్వం అచ్చుయంత్రానికి రెండే మాటలు తెలుసు: సిరా ఉంది, సిరా లేదు. లేత సిరా, ముదురు సిరా అనే తేడా దానికి తెలియదు. ఎర్ర సిరా వేస్తే ఎరుపే పడుతుంది. మరి లేత గులాబి రంగు బుగ్గ కావాలంటే ఏం చేయాలి? గులాబి సిరాను ప్రత్యేకంగా తయారుచేసి ఇంకోసారి అచ్చు వేయాలి. ప్రతి కొత్త రంగుకూ ఒక కొత్త అచ్చు అంటే ఖర్చు ఎంతవుతుందో ఊహించండి. అయితే అదే ఎర్ర సిరాను చిన్న చిన్న చుక్కలుగా వేసి, మధ్యలో తెల్లకాగితాన్ని వదిలేస్తే? చుక్కల నుంచి వచ్చే ఎర్రటి కాంతీ, కాగితం నుంచి వచ్చే తెల్లటి కాంతీ కన్నులో కలిసిపోయి గులాబిగా కనిపిస్తుంది. సిరా మారలేదు, కాగితమూ మారలేదు. మారిందల్లా సిరా కప్పిన స్థలం ఎంత అన్నదే.

ఈ పనిని సులువు చేసే పద్ధతిని 1879లో అమెరికాకు చెందిన బెంజమిన్ హెన్రీ డే అనే చిత్రకారుడు కనిపెట్టాడు. ఆయన తండ్రి బెంజమిన్ డే 1833లో న్యూయార్క్ 'సన్' పత్రికను స్థాపించినవాడు. అచ్చు వ్యవహారం ఇంటి విద్యే అన్నమాట. కొడుకు కనిపెట్టిన పద్ధతిలో ఒక పారదర్శకమైన పొర ఉంటుంది. దాని మీద ఒకే కొలతలో, ఒకే దూరంలో చుక్కలు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఆ చుక్కలకు సిరా రాసి, అచ్చుపలక మీద రంగు కావలసిన చోట మాత్రమే ఒత్తుతారు. అక్కర్లేని చోట్లను ముందే జిగురుతో కప్పి ఉంచుతారు. ఈ చుక్కలకు 'బెన్ డే చుక్కలు' అని పేరు వచ్చింది.

దినపత్రికలోని ఫోటోలో మీరు చూసినవి సరిగ్గా ఇవే కావు. ఫోటోలో ముదురు ఉన్నచోట చుక్కలు లావుగా, లేత ఉన్నచోట సన్నగా ఉంటాయి. బెన్ డే చుక్కలు అలా మారవు. ఒక ప్రదేశంలో ఉన్నవన్నీ కవాతులో నిలబడ్డ పిల్లల్లా ఒకే తీరున ఉంటాయి. లిక్టెన్‌స్టయిన్‌కు నచ్చింది ఈ కవాతే.

1960ల నాటి అమెరికన్ కామిక్ పుస్తకాల రంగుల లెక్క చాలా ముచ్చటైనది. నలుపు కాకుండా మూడు సిరాలు: పసుపు, ముదురు గులాబి, లేతనీలం. ఒక్కొక్క సిరా నాలుగు స్థాయిల్లో ఉండవచ్చు. అసలు లేకపోవడం, 25 శాతం, 50 శాతం, 100 శాతం. మరి మొత్తం ఎన్ని రంగులు వస్తాయి? 4 × 4 × 4 = 64. అందులో ఒకటి తెల్లకాగితమే. ఎగిరే వీరులూ, పేలే విమానాలూ, ఏడ్చే నాయికలూ అందరూ ఈ 64 రంగుల్లోనే బతికారు. మనిషి చర్మానికి సాధారణంగా 25 శాతం గులాబి చుక్కలూ, వాటికి తోడు కొంత పసుపూ వాడేవారు.

ఆ కాలానికి డే కనిపెట్టిన పాత పద్ధతి మారిపోయింది, పేరు మాత్రం మిగిలింది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఊళ్లో చాలా కామిక్ పుస్తకాలకు రంగుల అచ్చుపలకలు తయారయ్యేవి. ఒక్కొక్క పుటకు పారదర్శకమైన రేకులు తీసుకుని, ఏ సిరా ఏ స్థాయిలో ఎక్కడ పడాలో ఒక్కొక్క రేకు మీద చేత్తో పూసేవారు. మూడు సిరాలు, మూడేసి స్థాయిలు. కనుక పుటకు తొమ్మిది రేకులు. ఈ పని చేసినవారిలో ఎక్కువమంది స్త్రీలు. వారి పేర్లు ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు.

ఇక కన్ను సంగతి. కన్ను చుక్కల్ని ఎందుకు కలిపేస్తుంది? కంటి లోపలి రెటీనా అనే పొర మీద కాంతిని గ్రహించే కణాలు ఒత్తుగా పేర్చినట్టు ఉంటాయి. రెండు చుక్కల ప్రతిబింబాలు మరీ దగ్గర దగ్గరగా పడితే వాటిని విడివిడిగా గుర్తించడం ఆ కణాలకు సాధ్యం కాదు. ఎంత దగ్గరగా? ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే అందులో ఒక భాగాన్ని 'నిమిషం' అంటారని మీరు గణితంలో చదివే ఉంటారు. ఆరోగ్యవంతమైన కన్ను సుమారు ఒక నిమిషం కోణం చేసే ఖాళీని గుర్తించగలదు. అంతకంటే చిన్నదైతే ఆ ఖాళీ కనబడదు. లెక్క కడితే, ఒక ఖాళీ వెడల్పుకు దాదాపు 3,400 రెట్ల దూరంలో ఆ ఖాళీ అదృశ్యమవుతుంది. 1 మిల్లీమీటరు ఖాళీ అయితే 3.4 మీటర్ల దూరంలో అన్నమాట.

నా మాట నమ్మవద్దు, మీరే చేసి చూడండి. ఒక గ్రాఫు కాగితం తీసుకోండి. 4 మిల్లీమీటర్ల భుజం గల చతురస్రంలో 16 చిన్న గళ్లుంటాయి కదా. అందులో ఒక మూలనున్న 4 గళ్లను, అంటే 2 మిల్లీమీటర్ల భుజం గల చిన్న చతురస్రాన్ని, ఎర్ర స్కెచ్‌పెన్నుతో నింపండి. పదహారులో నాలుగు అంటే 25 శాతం. కామిక్ పుస్తకంలోని లేత స్థాయి ఇదే! పక్కనున్న చతురస్రాల్లో కూడా అదే మూలను నింపుకుంటూ, వరసకు 15 చొప్పున 15 వరసలు చేయండి. విసుగు పుడుతుంది. పుట్టనివ్వండి. ఆ కాగితాన్ని వరండాలో గోడకు అంటించి, చూస్తూ వెనక్కి నడవండి. చుక్కల మధ్య ఖాళీ 2 మిల్లీమీటర్లు కనుక, సుమారు 7 మీటర్ల దగ్గర ఎర్ర చుక్కలన్నీ కరిగిపోయి ఒకే గులాబి పలకలా కనిపించాలి. నేను ఈ ప్రయోగం చేయించినప్పుడల్లా తరగతిలో ఒకరిద్దరికి 3, 4 మీటర్ల దగ్గరే చుక్కలు కలిసిపోతుంటాయి. అలాంటివారు సిగ్గుపడకుండా ఇంట్లో చెప్పి కంటి డాక్టరుకు చూపించుకోవాలి.

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. పాత కామిక్ పుస్తకాల్లో చుక్కకూ చుక్కకూ మధ్య ఖాళీ సుమారు 0.2 మిల్లీమీటర్లు అనుకుందాం. మన లెక్క ప్రకారం అవి దాదాపు 70 సెంటీమీటర్ల అవతల కలిసిపోవాలి. కాని పుస్తకాన్ని మనం 30 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుని చదువుతాం. అంటే చుక్కలు కనబడాలి కదా? నిజానికి కనబడతాయి! పరీక్షగా చూస్తే ఎవరికైనా కనబడతాయి. అయినా మనం వాటిని గమనించం. దీనికి రెండు కారణాలు చెప్పవచ్చు. తెల్లకాగితం మీద పసుపు లాంటి లేత రంగు చుక్కలకు కాగితంతో పెద్ద తేడా ఉండదు. పైగా నలుపు తెలుపుల తేడాను పట్టుకున్నంత చురుగ్గా మన కన్ను రంగుల తేడాను పట్టుకోలేదు. ఇది మొదటి కారణం. ఇక రెండోది: మన ధ్యాస కథ మీద ఉంటుంది. విమానం కూలుతుంటే చుక్కలు లెక్కపెట్టేదెవరు?

లిక్టెన్‌స్టయిన్ మన చేత లెక్కపెట్టించాడు.

ఆయన 1923లో న్యూయార్క్‌లో పుట్టాడు. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చదువుతుండగా 1943లో సైన్యంలో చేరవలసి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో యూరప్‌లో పనిచేసి, 1946లో తిరిగివచ్చి చదువు పూర్తిచేశాడు. అక్కడ హోయ్ట్ షెర్మన్ అనే గురువు ఒక వింత పద్ధతిలో బొమ్మలు నేర్పేవాడు. విద్యార్థులను చీకటి గదిలో కూర్చోబెట్టి, తెర మీద ఒక బొమ్మను కంటిరెప్ప పాటు మెరిపించి ఆర్పేసేవాడు. ఆ చీకట్లోనే, కంటిలో మిగిలిన ముద్రను బట్టి, వాళ్లు బొమ్మ గీయాలి. వస్తువు ఏమిటన్నది కాదు, మొత్తం ఆకారం ఎలా అమరింది అన్నది చూడడం అలవాటు చేయడానికే ఈ ఏర్పాటు. తరవాత లిక్టెన్‌స్టయిన్ కూడా ఉపాధ్యాయుడయ్యాడు. 1960లో న్యూజెర్సీలోని రట్జర్స్ విశ్వవిద్యాలయంలో చిత్రకళ బోధించే నాటికి ఆయనకు పెద్దగా పేరు లేదు.

1961లో 'లుక్ మికీ' అనే చిత్రం వేశాడు. చేపలు పట్టే డోనాల్డ్ బాతు గాలం తన కోటుకే తగిలించుకుని, పెద్ద చేప పడిందని సంబరపడుతుంటుంది. మికీ ఎలుక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటుంది. పిల్లల పుస్తకంలోని బొమ్మే. మికీ ముఖం మీద చుక్కలు వేయడానికి ఆయన కుక్కల వెంట్రుకలు దువ్వే ప్లాస్టిక్ బ్రష్షును రంగులో ముంచి అద్దాడు! చుక్కలు ఎగుడుదిగుడుగా వచ్చాయి. రెండేళ్ల తరవాత 'వామ్!' వేసేటప్పటికి పనిముట్టు మెరుగుపడింది. పలుచని అల్యూమినియం రేకుకు వరసగా రంధ్రాలు చేసుకుని, దాన్ని కాన్వాసు మీద ఉంచి, తోమే చిన్న బ్రష్షుతో రంగును రంధ్రాల్లోంచి నెట్టాడు. సంక్రాంతికి వాకిట్లో చిల్లుల గొట్టంతో ముగ్గు వేసేవాళ్లను చూశారు కదా, దాదాపు అలాంటి ఉపాయమే.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. యంత్రం వేసే చుక్కను మనిషి చేత్తో, కష్టపడి, ఒక్కొక్క వరసా వేస్తున్నాడు. యంత్రానికి ఆ చుక్క ఖర్చు తగ్గించే ఉపాయం. చిత్రకారుడికి అది ఎక్కువ శ్రమ తీసుకునే పని. అంత శ్రమా ఎందుకంటే, ఇది విమానం బొమ్మ కాదని చెప్పడానికి. ఇది విమానం బొమ్మకు బొమ్మ. నిజమైన యుద్ధంలో విమానం పేలితే లోపల మనిషి ఉంటాడు. ఇక్కడ కనిపించేది సిరా, కాగితం, చుక్కలు. అంత భయంకరమైన సంగతి అంత శుభ్రంగా, అంత అందంగా ఎలా ఉందా అని చూసేవాడికి ఒక్క క్షణం తోచాలి. యుద్ధం చూసి వచ్చిన మనిషి ఈ బొమ్మ వేశాడని మరిచిపోకూడదు. అయితే ఈ చిత్రం యుద్ధాన్ని ఎగతాళి చేస్తోందా, పొగుడుతోందా అన్నదాని మీద పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. నాకైతే అది ఏ పక్షమూ చెప్పకుండా చల్లగా నిలబడి ఉండడమే దాని బలం అనిపిస్తుంది.

సరే, మరి నోవిక్ గీసిన గడికీ దీనికీ తేడా ఏమిటి? వట్టి నకలేనా? రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు తెలుస్తాయి. లిక్టెన్‌స్టయిన్ మొదట చిన్న కాగితం మీద పెన్సిలుతో బొమ్మ గీసుకున్నాడు. ఆ కాగితం కూడా టేట్ సంస్థ దగ్గర భద్రంగా ఉంది. మొదట ఒకే కాన్వాసు మీద వేద్దామనుకుని, తరవాత దాన్ని రెండు చేశాడు. విమానాన్నీ పేలుడునూ దూరం జరిపాడు. నోవిక్ గడిలోని సంభాషణల బుడగను తీసేశాడు. నోవిక్ గీసిన విమానాన్ని కూడా ఉంచలేదు. మరొక కామిక్ బొమ్మలోని విమానాన్ని తెచ్చి ఆ స్థానంలో పెట్టాడు. చప్పుడు అక్షరాల రంగు మార్చాడు. కథలో ఒక క్షణంగా ఉన్నది, ముందూ వెనకా లేని ఒక ఒంటరి దృశ్యం అయింది.

ఆయన ఇదే ఏడాది వేసిన 'మునిగిపోతున్న అమ్మాయి' చిత్రంలో మార్పు ఇంకా స్పష్టం. అది టోనీ అబ్రుజో గీసిన ఒక ప్రేమకథలోని గడి. మూలంలో అమ్మాయి వెనక పడవను పట్టుకుని వేలాడే అబ్బాయి ఉంటాడు. లిక్టెన్‌స్టయిన్ అతణ్ణీ, పడవనూ తీసేసి, అమ్మాయి ముఖాన్నీ, సుడి తిరిగే అలల్నీ మాత్రమే ఉంచాడు. ఆ అలలు గీయడంలో జపాన్ చిత్రకారుడు హోకుసాయ్ అలలు తన మనసులో ఉన్నాయని ఆయనే చెప్పాడు.

ఇవన్నీ చాలా పెద్ద మార్పులని ఒక పక్షం అంటుంది. పేరు చెప్పకుండా పరాయి బొమ్మ తీసుకున్నాక ఎన్ని మార్పులు చేస్తే ఏమిటని రెండో పక్షం అంటుంది. 1964 జనవరిలో అమెరికాలోని 'లైఫ్' పత్రిక, ఈయన దేశంలోకెల్లా అధ్వాన్నమైన చిత్రకారుడా అని శీర్షికలోనే ప్రశ్నించింది. 1966లో టేట్ గ్యాలరీ 'వామ్!'ను సుమారు 4,000 పౌండ్లకు కొన్నప్పుడు, ఆ గ్యాలరీ ధర్మకర్తల్లోనే కొందరికి అది నచ్చలేదు. ఆ తరవాత ధరలు ఎలా పెరిగాయో చూడండి. ఆయన 1964లో వేసిన 'నర్సు' చిత్రం 2015లో 9 కోట్ల 54 లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడుపోయింది. 1962 నాటి 'మాస్టర్‌పీస్' చిత్రం 16 కోట్ల 50 లక్షల డాలర్లకు చేతులు మారిందని 2017లో వార్త వచ్చింది.

మరి నోవిక్ సంగతి? అబ్రుజో సంగతి? ఆ రోజుల్లో కామిక్ చిత్రకారులకు పుటకు ఇంత అని కూలి ఇచ్చేవారు. గీసిన బొమ్మ మీద హక్కులన్నీ ప్రచురణ సంస్థవే. చాలా పుస్తకాల్లో బొమ్మ గీసినవారి పేరు కూడా వేసేవారు కాదు. అంటే పేరు చెరిపే పని లిక్టెన్‌స్టయిన్‌తో మొదలు కాలేదు. నేను మాత్రం ఇలా అనుకుంటాను: నకలా, సొంతమా అన్న తగాదాలో లిక్టెన్‌స్టయిన్ వైపు న్యాయం కొంత ఉంది. బొమ్మ నిజంగానే మారింది. కాని గీసినవాడి పేరు ఒక పక్కన చెప్పి ఉంటే ఆ బొమ్మ విలువ తగ్గేదా? తగ్గేది కాదు. మీరు సైన్సు రికార్డులో పక్కవాడి పటం చూసి గీస్తే నేను ఒప్పుకోను కదా! ఆ కొలత పెద్దవాళ్లకు వద్దా?

2013లో టేట్ మోడర్న్‌లో లిక్టెన్‌స్టయిన్ చిత్రాల పెద్ద ప్రదర్శన జరిగింది. అదే ఏడాది లండన్‌లోని ఒక కామిక్ పుస్తకాల దుకాణంలో కొందరు కామిక్ చిత్రకారులు దానికి పోటీగా మరో ప్రదర్శన పెట్టారు. ఆయన వాడుకున్న గడులనే తీసుకుని, మూలచిత్రకారులను స్మరిస్తూ తమ పద్ధతిలో మళ్లీ గీశారు. డేవ్ గిబ్బన్స్ అనే ప్రసిద్ధ కామిక్ చిత్రకారుడు నోవిక్ గడిని మళ్లీ గీసి, దానికి 'వాట్?' అని పేరు పెట్టాడు. నోవిక్ అది చూడలేదు. ఆయన 2004లోనే మరణించాడు. లిక్టెన్‌స్టయిన్ అంతకు ముందే, 1997లో పోయాడు.

ఈ చుక్కలు ఎంత దూరం వెళ్లాయో చెప్పి ముగిస్తాను. ఆండీ వార్హోల్ అనే మరో చిత్రకారుడు కూడా 1961లో కామిక్ బొమ్మలు వేస్తుండేవాడు. లిక్టెన్‌స్టయిన్ చిత్రాలు చూశాక ఆ దారి వదిలి సూపు డబ్బాల వైపు మళ్లాడు. జర్మనీలో సిగ్మార్ పోల్కె 1963లోనే దినపత్రిక ఫోటోల చుక్కల్ని పెద్దవి చేసి వేయడం మొదలుపెట్టాడు. అయితే అతని చుక్కలు కవాతు చేయవు, చెదిరిపోతాయి, ఒకదానిలోకి ఒకటి కారిపోతాయి. 1966లో అమెరికా టెలివిజనులో మొదలైన 'బాట్‌మన్' కథల్లో ఎవరినైనా కొట్టినప్పుడల్లా ఆ చప్పుడు పెద్ద అక్షరాలతో తెర మీద మెరిసేది.

ఇప్పుడు అచ్చు బాగుపడింది. మంచి పత్రికల్లో చుక్కల మధ్య ఖాళీ 0.1 మిల్లీమీటరు కంటే తక్కువ. మన లెక్క ప్రకారం 30 సెంటీమీటర్ల దగ్గర కూడా అవి దాదాపు కనబడవు. ఫోను తెరలో సిరా అనేదే లేదు. ఇంట్లో పెద్దల అనుమతి తీసుకుని, ఫోను తెర మీద అతి చిన్న నీటిబొట్టు ఒకటి పెట్టి చూడండి. బొట్టు కుంభాకార కటకంలా పనిచేసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం గుర్తులను చూపిస్తుంది. కాగితం మీద సిరాలు కాంతిని తగ్గించుకుంటూ పోతాయి గనుక అక్కడ పసుపు, గులాబి, లేతనీలం కావాలి. తెర కాంతిని తానే కలుపుతుంది గనుక దానికి వేరే మూడు రంగులు.

చుక్కల అవసరం ఇలా తీరిపోయిందనుకుంటే, 2018లో 'స్పైడర్‌మన్: ఇన్‌టు ద స్పైడర్‌వర్స్' అనే బొమ్మల సినిమా వచ్చింది. కంప్యూటరుతో ఏ రంగునైనా నున్నగా నింపగలిగిన వాళ్లు, పాత్రల ముఖాల మీద కావాలని బెన్ డే చుక్కలు వేశారు. అంతటితో ఆగలేదు. పాత ముద్రణాలయంలో సిరాలు సరిగ్గా కుదరక అంచుల దగ్గర రంగు పక్కకు జరిగిపోయేది. పనివాళ్లు పుట అడుగున నాలుగు గుర్తులు పెట్టుకుని నివారించాలని చూసిన తప్పు అదే. ఆ తప్పును కూడా తెర మీద అచ్చం అలాగే, ఎంతో ఓపికగా, తయారుచేసి పెట్టారు.